బిడ్డను బయటికి తెచ్చే వంతు

మిర్యాలగూడ

ప్రియమైన అక్కకు, చెల్లెలు సరోజ వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయ వల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నడిగూడెంలో వానలు పడ్డాయా? ఇక్కడ వాన పడీ పడనట్టు పడి పోయింది.

నా గురించి బెంగ పెట్టుకోకు. కోదాడలో ఉన్నట్టు తోడు లేదు కానీ గది మంచిదే, నీళ్లకు కరువు లేదు. ఆరేసిన తెల్లచీర మీద మిల్లుల నుంచి ఊక బూడిద వచ్చి వాలుతుంది, అంతే. వంట ఒక్కదానికే కదా, పొద్దున వండిందే రాత్రికీ తింటున్నాను. తొక్కు అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతకాయ తొక్కు పంపు. నిజంగా బాగానే ఉన్నాను.

మీ పెద్దపిల్ల విజయను మా నర్సింగ్ హోంలో పెట్టించమని రాశావు. ఖాళీ ఉంది. అది ఎందుకు ఖాళీ అయిందో చెప్పకుండా పిల్లను రమ్మనలేను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నేను పెద్ద నర్సుగా చేరిన కొత్తలో ఇక్కడ చిన్న నర్సులెవరూ నిలిచేవారు కాదు. డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఈ పిల్లలు రెండు నెలలు గూడ ఉంటలేరు సరోజా. తిడితే పోతున్నరు, తిట్టకపోతే కునికిపాట్లు పడుతున్నరు. నువ్వే ఏదన్న చెయ్యి" అన్నది.

నాకు తొందరగానే అర్థమైంది. సూదులు మరగబెట్టడం, దూది కత్తిరించడం, నెత్తుటి బట్టలు పిండడం వాళ్ల పని. పుట్టిన బిడ్డను తువ్వాలులో చుట్టి బయటికి తీసుకెళ్లేది మాత్రం పెద్ద నర్సు. బయట చుట్టాలు చక్కెర పట్టుకుని కూర్చుంటారు. బిడ్డను తెచ్చినామె నోట్లో పోసి, "నీ కడుపు సల్లగుండ" అంటారు. కష్టం ఒకరిది, పేరు ఒకరిది. ఎందుకుంటారు చెప్పు?

ఆ పని వాళ్లకే వదిలేశాను, వంతులవారీగా. అక్కా, నువ్వు చూడాల్సింది! డ్యూటీ లేనిరోజు కూడా వచ్చి "ఇయ్యాల నా వంతే" అని పోట్లాడుకునేవారు. అందరిలోకీ హుషారు ప్రమీల, నిడమనూరు పిల్ల. నొప్పులు పడేవాళ్ల నడుము రాస్తూ, ఏవో ముచ్చట్లు చెప్పి నవ్వించేది. వాళ్లమ్మ నాట్లకు రమ్మని కబురు చేస్తే, "నేను రాను, మా సిస్టర్ పరేషాన్ అయితది" అని తిప్పి పంపింది. ఈ ఊళ్లో నాకు దొరికిన తోడు ఆ పిల్ల ఒక్కతే. డాక్టరమ్మ మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను.

పోయిన నెల ఒక కాన్పులో బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. తల్లికి నెత్తురు ఆగడం లేదు. డాక్టరమ్మకూ నాకూ చేతులు తీసే వీల్లేదు. బయట వాళ్లు తలుపు కొడుతున్నారు. "నేను పోయి చెప్త సిస్టర్, ఇయ్యాల నా వంతే గద" అంటూ ప్రమీల వెళ్లింది. వద్దనడానికి కూడా నాకు తీరిక లేదు.

ఆ తల్లి బతికింది. నేను బయటికి వచ్చేసరికి ప్రమీల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తలుపు తీసీ తీయగానే, ఏమీ చెప్పకముందే, వాళ్ల ముసలమ్మ గుప్పెడు చక్కెర నోట్లో పోసేసిందట. ఆ చక్కెర నోట్లో ఉండగానే ఈ పిల్ల ఆ మాట చెప్పిందట. ముసలమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ప్రమీల మూతి కింద దోసిలి పట్టి, "ఉమ్మెయ్యి బిడ్డా, ఉమ్మెయ్యి" అన్నదట.

మర్నాటి నుంచి ప్రమీల రాలేదు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి నిడమనూరు వెళ్లాను. నాట్లు వేసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నన్ను చూసి ఏడ్చింది. "ఆమె నన్ను తిట్టినా మంచిగుండు సిస్టర్. ఇగ నేను గా తలుపు తియ్యలేను" అన్నది. చాయ్ పెట్టి ఇచ్చింది. తన గ్లాసులో చక్కెర వేసుకోలేదు. నేనూ ఏడ్చానక్కా. మళ్లీ రమ్మని అడగకుండానే బస్సెక్కాను.

ఇప్పుడు మా దగ్గర కట్టుబాటు మారింది. మంచి కబురు పిల్లల వంతు, చెడ్డ కబురు నా వంతు. నా చేతులు తీరేదాకా ఎవరు కొట్టినా తలుపు తీయరు. మిగతా పిల్లలు నిలిచారు, హుషారుగానే పని చేస్తున్నారు. డాక్టరమ్మకు సంతోషం. నాకే, ఉత్త చేతులతో ఆ తలుపు దాకా నడవడం ఇన్నేళ్లయినా చేతకావడం లేదు.

విజయను పంపాలో వద్దో నువ్వూ బావా ఆలోచించుకోండి. వస్తే నా గదిలోనే ఉంటుంది, ఒక్కదానికి వండుకునే బాధ నాకూ తప్పుతుంది. ప్రమీల ఆప్రాన్ ఇంకా మేకుకే వేలాడుతోంది. "ఉతికి కొత్త పిల్లకిద్దామా?" అని ఆయా అడిగింది. వద్దన్నాను. విజయకు కొత్తది కుట్టిస్తాను.

మీ అత్తమ్మకు, బావకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ఇంట్లో అందరూ మోకరించినప్పుడు నా కోసం ఒక్క మాట అడగండి, నా వంతు రాకుండా చూడమని.

నీ చెల్లెలు
సరోజ