మిరపకాయలతో కాల్చేసిన మిఠాయి డబ్బా

జిండెల్ఫింగెన్, జర్మనీ,
ఆదివారం మధ్యాహ్నం

అన్నకు దండాలతో ఉష రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు, వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో తగ్గిందనే అంటుంది కానీ ఆమె మాట నమ్మడానికి లేదు. రోజూ నూనె రాసి కాపడం పెట్టమని వదినతో చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకండి, ఒంట్లో బాగానే ఉంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వుతావు. ఫోను చేస్తే మనింట్లో స్పీకర్ పెడతారు, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఇది నీ ఒక్కడికే చెప్పాల్సిన మాట. నోటితో చెప్పాలంటే సిగ్గు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చలి ముదిరింది. ఆఫీసు నుంచి బయటపడేసరికి చీకటి. కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని అదే, మార్పు లేదు. మా చిన్నది కీటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, జర్మన్ నేర్చుకుని, అన్నం తింటావా అంటే ‘నైన్’, పడుకుంటావా అంటే ‘నైన్’, అన్నిటికీ వద్దనే. దానితో తెలుగులో పోట్లాడటానికి కూడా తోడు లేదు. మనసు బాగోకపోతే నేను పోయేది పద్మక్క దుకాణానికే. నిజామాబాద్ మనిషి. పప్పులు, చింతపండు, కరివేపాకు అమ్ముతుంది. ఉన్నదంతా ఆ దుకాణంలోనే పెట్టింది. శనివారాల్లో నేను పోయి డబ్బాలు సర్దిపెడితే, వద్దన్నా వినకుండా సర్వపిండి చేసి పెడుతుంది.

దీపావళి ముందు శనివారం మిఠాయి డబ్బాలు సర్దుతున్నాను. అక్క నన్ను పిలిచింది.

“ఉషా, ఇటు రా జర. గిదేందో చూడు.”

మైసూర్‌పాక్ డబ్బా. అట్ట అంచు ఊడదీసి మళ్ళీ టేపు వేసి ఉంది. మీద ఒక చీటీ అంటించి ఉంది. ఇందులో విషం ఉంది, పైసలు ఇస్తావా లేక ఇంకా పెట్టమంటావా, ఎక్కడ ఇవ్వాలో తర్వాత చెప్తాం అని జర్మన్‌లో రాశారు. అక్క వెంటనే ఫోను తీసింది.

“పోలీసోళ్ళకు చేస్త.”

“వద్దక్కా, నీకు తెల్వదు” అన్నాను. “మా అన్న పోలీసే, నాకు ఎరుకే. కంప్లైంట్ ఇచ్చినోళ్ళనే ముందుగాల కూసోబెడ్తరు. ఎవరితోని పంచాది ఉన్నదని నిన్నే అడుగుతరు. దుకాణం మూయిస్తరు. నీ చేతుల దొరికింది నీ మీదికే వస్తది. ముందు దీన్ని లేకుంట చెయ్యి.”

నేను పోలీసోడి చెల్లెల్ని కదా, నా మాట ఆమెకు వేదం. ఎవరి కన్ను పడిందో దుకాణం మీద అనుకుంటూ గల్లుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. ఆ డబ్బాను వాటితో కలిపి గడప దగ్గర దిష్టి తీసింది. వెనక పెరట్లో పాత మూకుట్లో వేసి కాల్చేశాం, చీటీతో సహా. మిరపకాయల ఘాటుకు ఇద్దరం దగ్గుతుంటే పైఅంతస్తు ముసలావిడ కిటికీ తెరిచి తిట్టింది. మిగతా మిఠాయిలన్నీ చెత్తలో పడేసి, అరలు పసుపునీళ్ళతో తుడిచాం. పీడ పోయిందనుకున్నాం. ఆ రోజు నేను హాయిగా నవ్వాను కూడా అన్నా, చూడు నా తెలివి!

పీడ ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళకు పక్క ఊళ్ళో ఇంకో ఇండియన్ దుకాణంలో కొన్న మిఠాయి తిని ఒక పాప ఆస్పత్రి పాలైంది. మన చిన్నదాని ఈడుది. దేవుడి దయవల్ల బతికి ఇంటికొచ్చింది. వాళ్ళింట్లో దొరికిన ఖాళీ డబ్బా అంచుకి కూడా అలాగే టేపు వేసి ఉందట.

తర్వాత పోలీసులు ఇండియన్ దుకాణాలన్నీ తిరిగారు. పద్మక్క దగ్గరికి ఒక ఆడపోలీసు వచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. అక్క దాచకుండా చెప్పింది, నా పేరు మాత్రం చెప్పలేదు. ఆ డబ్బా ఉంటే వేలిముద్రలో, టేపు ముక్కో ఏదో ఒకటి దొరికేదట. ఆవిడ గొంతు పెంచలేదు. ఎందుకు మాకు చెప్పలేదని మాత్రం అడిగింది. అక్కకు బదులు నేనే కల్పించుకున్నాను. నా వచ్చీరాని జర్మన్‌లో, మా దగ్గర జనం పోలీసుల దాకా పోరండీ అన్నాను. ఎందుకు పోరు అంది. మీకు అక్కడ పోలీసులెవరైనా తెలుసా అని అడిగింది.

తెలియదన్నాను. నువ్వే లేవన్నట్టు చెప్పాను అన్నా.

ఆఫీసులో నా పక్కసీటు అమ్మాయి యుకీది జపాన్. ఈ సంగతి విని, వాళ్ళ దేశంలో ఆమె పుట్టక ముందు జరిగిన కేసు చెప్పింది. ఎవరో మిఠాయిల కంపెనీలను బెదిరించి, దుకాణాల్లో విషం కలిపిన డబ్బాలు పెట్టి, పోలీసులను వెక్కిరిస్తూ పేపర్లకు ఉత్తరాలు రాశారట. ఎంత వెతికినా దొరకలేదు, చట్టం పెట్టిన గడువు దాటి కేసే మూతపడింది. జనమంతా పోలీసులను చూసి నవ్వారట. ఒక పెద్దాఫీసరు ఆ అవమానం మోయలేక ప్రాణం తీసుకున్నాడట. యుకీ వాళ్ళమ్మ ఇప్పటికీ డబ్బా అంచులు తడిమి చూసిగానీ కొనదట. వాళ్ళకు వెతికినా దొరకలేదు. ఇక్కడ వెతకడానికి ఏమీ మిగలకుండా చేసింది నేను.

ఈ దొంగ కూడా ఇంకా దొరకలేదు. పద్మక్క దుకాణానికి ఇప్పుడు నరపురుగు కూడా రావట్లేదు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఆమె ముందే చెప్పి ఉంటే పాపకు ఆ గతి పట్టేదా అని తిట్టిపోస్తున్నారు. నేను అన్నీ చదివి నోరు మూసుకున్నాను. ఛీ, నా బతుకు!

కోపం తెచ్చుకోకు, ఒకటి అడుగుతాను. నేను ఇంటర్ చదివేటప్పుడు నీకు సద్ది తెచ్చినప్పుడల్లా ఠాణా మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. ఒకరోజు ఒక ముసలమ్మ నీ కాళ్ళు పట్టుకోబోతే “రేపు రా పో” అన్నావు. నాకు మాత్రం లోపల కుర్చీ వేయించావు. ఆ జీతంతోనే నన్ను చదివించావు. నువ్వు చెడ్డవాడివని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఆ రోజు అక్క చేతిలో ఫోను ఆపినప్పుడు నా కళ్ళ ముందున్నది ఆ ముసలమ్మే.

రేపు సాయంత్రం ఆ ఆడపోలీసు దగ్గర టెర్మిన్, అదే కలవడానికి టైము, తీసుకున్నాను. కాల్చమన్నది నేనేనని చెప్తాను. నాకు ఒక అన్న ఉన్నాడని, పోలీసని కూడా చెప్తాను. గ్రూపులోనూ రాస్తాను, తిట్టేవాళ్ళు నన్నే తిట్టనీ. మీ బావకు చెప్పాను, తనూ తోడు వస్తానన్నాడు. నువ్వు భయపడకు, నాకేమీ కాదు.

అమ్మకు ఇది చదివి వినిపించకు. వదినకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పచ్చజొన్న పిండి, పద్మక్కకు కొన్ని సకినాలు పంపు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, తర్వాత మాత్రం దీవించు.

నిన్న దుకాణానికి పోయాను. అక్క నన్ను నిందించలేదు. ఎవరూ కొనని పప్పును పొట్లాలు కడుతూ అడిగింది, “ఉషా, నిజం చెప్పు. గా డబ్బా పట్టుకొని మీ అన్న ఠాణాకు పోతే, కంప్లైంట్ రాసుకుంటడా?”

“రాసుకుంటడక్కా” అన్నాను.

ఆమె నమ్మింది. ఆ మాట అబద్ధం కానివ్వకు అన్నా.

నీ చెల్లెలు
ఉష