నంబరు నొక్కనివాళ్ళు

పిన్నీ,

ఇరవై రెండో తేదీ నుంచి ఆసుపత్రి ఫోన్లన్నీ నేను రాసిన స్క్రిప్టు మీదే నడుస్తాయి. ఆలోపు నీ గొంతు కావాలి, అందుకే రాస్తున్నాను. ఫోన్లో అడిగితే నవ్వి పెట్టేస్తావు. ఉత్తరమైతే బాబాయి చివరిదాకా చదివి వినిపిస్తాడు.

వచ్చిన ఫోను ఎక్కడికి వెళ్ళాలో చెప్పేదే స్క్రిప్టు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల వ్యవస్థ మాది. మొదట అందరిలాగే రాశాను: ఒకటి నొక్కితే డాక్టరు, రెండు నొక్కితే మందులు, పది సెకన్లు ఏమీ నొక్కకపోతే లైను కట్. ముందుగా ప్రయోగానికి ఒక్క లైను మీద పెడితే, అలా రోజుకు ముప్పై ఫోన్లు పోయాయి. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అక్షరం రాకపోయినా ముప్పై ఏళ్ళు ఇక్కడి స్విచ్‌బోర్డు నడిపావు. "మాట రానివాళ్ళదే అసలు కంగారు, అమ్మాయ్" అంటూ పలకని లైనును ఎమర్జెన్సీకి కలిపేదానివి. నేనూ అలాగే మార్చాను.

"ఆకతాయి ఫోన్లన్నీ నర్సు నెత్తిన పడతాయి. ఒక్క వారం చూస్తాను. కుదరకపోతే కంపెనీ సరుకు కొంటాం, నువ్వు వేరే పని చూసుకో" అన్నారు పెద్ద ఇంజినీరు.

సోమవారం ఒకరు ఫోను చేసి ఏమీ నొక్కలేదు. నర్సుకు రొప్పు తప్ప మాట వినబడలేదు. ఆ నంబరును రోగుల చిట్టాలో వెతికి అంబులెన్సు పంపింది. ఒంటరిగా ఉండే టైలరు, ఆస్తమా. నిన్న నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

ఇంజినీరు నా బల్ల దగ్గరికొచ్చి, "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నారు.

"మా పిన్ని దగ్గర నేర్చుకున్నానండీ."

"అయితే ఫోను కలవగానే వినబడే పలకరింపు కూడా ఆవిడ గొంతుతోనే రికార్డు చేయించు."

నువ్వు రోజూ అనే మాటే చాలు పిన్నీ: "చెప్పండి, వింటున్నాను." ఎప్పుడు వస్తావో ఇరవయ్యో తేదీలోగా ఫోను చేసి చెప్పు. మూడు నొక్కితే నా బల్ల మీదే మోగుతుంది. నొక్కడం మరిచిపోయినా ఫరవాలేదు, లైను కట్ కాదు.

నీ అక్క కూతురు