నాన్న ఛాతీలో దొరికిన చుక్క

సాల్హా తల్లీ, ట్యునిస్ ఆసుపత్రి నుంచి అమ్మను. నాన్న లేచి తిరుగుతూనే ఉన్నారు, కంగారుపడకు.

ఛాతీ స్కాను చూసి డాక్టరమ్మ ఏమీ లేదనుకుందట. అదే స్కానును కృత్రిమ మేధకు చూపిస్తే, ఎడమ ఊపిరితిత్తిలో శనగగింజంత చుక్కకు గుర్తు పెట్టింది. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది. ఇంకా ఎక్కడికీ పాకలేదు, కోసి తీసేస్తే చాలన్నారు. మీ నాన్న మొండికేశారు. "గనిలో దుమ్ము మింగి బతికినవాణ్ణి. మిషను చెప్పిందని కోయించుకోవాలా?"

డాక్టరమ్మ పక్కన కూర్చుంది. "బాబాయ్, మిషను చూపించిందంతే. మళ్ళీ చూసి చెబుతున్నది నేను. మొదట నా కంటికి ఆనలేదు, తప్పు నాదే."

ఆయన ఆమె వైపు తిరిగారు. "తప్పు నాదే అన్న డాక్టరును ఇప్పుడే చూస్తున్నా. సరే బిడ్డా, ఎప్పుడు కోయించుకోమంటావు?" అన్నారు. బయటికొచ్చి, అందరి ఎదుటా నా చెయ్యి పట్టుకున్నారు. నేను సిగ్గుపడ్డాను కానీ విడిపించుకోలేదు.

గురువారం ఆపరేషను. ఆయన ఉన్ని టోపీ, ఇంట్లో నూరిన హరీసా కారం బస్సులో పంపు. మేక ఈనిందా? మీ అత్తయ్యకు మందులివ్వడం మరిచిపోకు.

అల్లా నిన్ను చల్లగా చూడాలి. తనకు భయంగా ఉందని నీకు రాయొద్దన్నారు నాన్న. రాశానని ఆయనతో అనకు.

అమ్మ మబ్రూకా