తొమ్మిది కౌంటర్లు, ఒక్కొక్క చెంచా

9వ తేదీ, గురువారం. ఉదయం 7.10

మా అమ్మాయికి మాల్‌లో సొంత కౌంటరు వచ్చేసిందోచ్!

మూడో అంతస్తు. లిఫ్టు దిగగానే ఎడంచేతి వైపు మూల. బోర్డు కూడా బిగించేశారట. తొమ్మిదేళ్ళు ఇంకొకరి పొయ్యి దగ్గర నిలబడి పిండిని దారంలా సాగదీసి నూడుల్స్ చేసిన పిల్ల! ఇక తన పొయ్యి, తన గరిటె, తన మాట.

ఇది నా పాత కొలతల పుస్తకం. నలభై ఏళ్ళు ఇందులో గిరాకీల నడుములూ, చేతుల పొడవులూ రాశాను. కుట్టుమిషను మూలన పెట్టాక మిగిలిన తెల్ల కాగితాలు ఇవాళ పనికొచ్చాయి. గీతలు దాటి రాస్తున్నాను. సంతోషంతోనే, షుగరుతో కాదు.

7.25. మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"ఇంకా రాలేదండీ! ఇస్తామన్నారు, అంతే! శనివారం సాయంత్రం ఏడింటికి మాల్ మేనేజరు వచ్చి రుచి చూడాలి. ఆయన సరే అంటే ఆదివారం తెరుస్తారు. కాదంటే ఆ మూల జ్యూసు వాళ్ళకి పోతుంది. అందాకా ఎవ్వరికీ చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

సరే. సవరణ: మా అమ్మాయికి కౌంటరు ముప్పాతిక వంతు వచ్చేసింది.

ఎవ్వరికీ చెప్పను. నోటికి కుట్టు వేసేశాను. ఎదురింటి ప్లంబరుకి చెప్పిన మాట నిజమే గాని, అది ఏడు కాకముందు. మా ఆవిడ కేకకి ముందు జరిగినవి లెక్కలోకి రావు.

10వ తేదీ, శుక్రవారం. ఉదయం 9.00

కొంప మునిగింది. మా ఆవిడకి జలుబు. ముక్కులు రెండూ దిబ్బడ.

మా ఇంట్లో నాలుక అంటే ఆవిడదే. అమ్మాయి ఏ కొత్త వంట చేసినా ముందు తల్లికే పెడుతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని చప్పరించి, "ఇందులో ఏదో తొందరపడ్డావే" అంటుంది. తీరా చూస్తే తొందరపడే ఉంటుంది.

9.20. అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, అమ్మకి వాసన తెలియట్లేదట కదా. రేపు ఆరింటికి నువ్వే రుచి చూడాలి."

"దానికేం భాగ్యమమ్మా! అద్భుతంగా ఉంటుంది!"

"ఇదిగో, వద్దన్నది ఇదే. ఇంకా వండనే లేదు, అప్పుడే అద్భుతం! నీకు ఈ జన్మలో ఏదైనా బాగోలేదా నాన్నా?"

ఆలోచించాను. ఏదీ గుర్తు రాలేదు.

"ఆస్పత్రిలో పెట్టిన జావ మళ్ళీ అడిగి పోయించుకున్నది నువ్వొక్కడివే," అంది. "రేపు మాత్రం నిజం చెప్పు. పొద్దుటి నుంచీ ఆ ఆవిరిలో నిలబడితే నా ముక్కు నాకు పనిచేయదు. మేనేజరు మొహం ముడుచుకునే లోపల ఎవరో ఒకరు నాకు చెప్పాలి. ఆకలితో రా."

10.00. నిర్ణయం! ఎర్ర పెన్సిలుతో రాస్తున్నాను.

అదే అంతస్తులో ఆసియా దేశాల వంటల కౌంటర్లు ఇప్పటికే తొమ్మిది ఉన్నాయి. రేపు తొమ్మిదీ తిరిగి నాలుకకి సాన పడతాను. మంచీ చెడూ తెలిసిన నాలుకతో అమ్మాయి ముందు నిలబడతాను.

1. ఒక్కో చోట ఒక్క చెంచా. చెంచా అంటే చెంచాయే.
2. మిగిలింది డబ్బాల్లోకి, మా ఆవిడకి.
3. పదికి మార్కులు. మొహమాటం లేదు.
4. అద్భుతం అనే మాట నిషేధం.
5. ప్రతిచోటా టేపుతో నడుము కొలత. ఇప్పటికి 38.
6. ఆరింటికి ఖాళీ కడుపు.

మా ఆవిడకి చదివి వినిపించాను. "మీరు రుచి చూడ్డానికి కూర్చుంటే అది పెళ్ళిభోజనం అవుతుంది," అని నవ్వబోయి తుమ్మింది.

11వ తేదీ, శనివారం. ఉదయం 11.00

మాల్ తలుపులు తీయగానే మొదటివాణ్ణి నేనే. సంచిలో నాలుగు డబ్బాలు, ఇంటి చెంచా, టేపు, ఈ పుస్తకం. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న కత్తెర. నా చేత్తో కుట్టుకున్న బూడిదరంగు ప్యాంటు. నడుము 38. అమ్మాయి కౌంటరుకి షట్టరు సగం దించి ఉంది. లోపల గరిటె చప్పుడు. పిలవలేదు. నియమం నియమమే.

11.15. జపాను కౌంటరు. అన్నాన్ని చాపలా చుట్టి ముక్కలు కోశారు. అంచు మడత చూడాలి! ఒక్క మెతుకు బయటికి రాలేదు. నాకు తెలిసిన దర్జీల్లో సగంమందికి ఆ మడత రాదు. ఒక్క ముక్క తిని ఆపేశాను. 7 మార్కులు. నడుము 38. శభాష్ నేను.

11.25. పక్కన పచ్చగా చిన్న ముద్ద పెడితే పచ్చడి కాబోలని చెంచాడూ నోట్లో వేసుకున్నాను. ఇందాకటి నుంచీ కళ్ళు కనబడక రాయలేదు. కానీ ముక్కు మాత్రం వీధి తలుపులా తెరుచుకుంది. మా ఆవిడ కోసం ఆ ముద్ద ఇంకొకటి అడిగి డబ్బాలో వేయించాను.

11.50. కొరియా కౌంటరు. ఊరేసిన క్యాబేజీ, ఎర్రగా.

"ఒక్క చెంచా చాలమ్మా."

"ఒక్క చెంచాకి గిన్నె ఎందుకు పాడుచేయడం పెద్దాయనా? కూర్చోండి. ఇది మా అమ్మ చేసే పద్ధతి," అంది కౌంటరావిడ.

అమ్మ మాట ఎత్తాక ఒక్క చెంచాతో లేవడం మర్యాద కాదు. ఏడు చెంచాలు. మా ఇంటి చెంచా చిన్నది కూడాను. 9 మార్కులు. నడుము 38¼. ఊపిరి పీల్చినప్పుడు కొలిచినట్టున్నాను.

12.40. చైనా కౌంటరు. ఆవిరి మీద ఉడికించిన చిన్న చిన్న పిండి సంచులు, లోపల కూర. మూతి దగ్గర కుచ్చులు పెట్టారు. లెక్కపెట్టాను. పద్దెనిమిది! రెండోదానికి పదిహేడు. అదెలా? మూడోది చూశాను. పద్దెనిమిది. నాలుగోది చూడకపోతే నిద్ర పట్టదు. మొత్తం ఎనిమిదీ పరీక్షించాను. పరీక్షించినవాటిని మళ్ళీ ప్లేటులో పెట్టడం బాగోదు. 10 మార్కులు. అద్భుతం అనలేదు. అమోఘం అన్నాను. అది నిషేధంలో లేదు.

1.30. థాయి కౌంటరు. కొబ్బరిపాల పులుసు. డబ్బాలో పోస్తే కారుతుంది. కారితే సంచి పాడవుతుంది. సంచి మా ఆవిడది. కాబట్టి తాగేశాను. 10 మార్కులు. నడుము 39¼. పాత టేపు కదా, కుంచించుకుపోయి ఉంటుంది.

1.32. పాత టేపులు సాగుతాయే గాని కుంచించుకుపోవు. నలభై ఏళ్ళుగా గిరాకీలకి ఆ ముక్క చెప్పినవాణ్ణి నేనే.

2.15. వియత్నాం. 10.

2.45. మలేషియా. 11.

3.10. ఇండోనేషియా. పుల్లలకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు, పైన వేరుశనగ ముద్ద. 12. పదికి పన్నెండు ఎలా ఇస్తారని ఎవరైనా అడిగితే, తిని అడగమంటాను.

3.25. డబ్బాల్లో పెట్టినవి చల్లారిపోతున్నాయి. జలుబు మనిషికి చల్లటివి పెట్టడం అన్యాయం. తినేశాను.

3.40. బావమరిది ఫోను చేశాడు. "ఏం బావా, మాల్ పాటలు వినబడుతున్నాయి, అక్కడేం పని?" అన్నాడు. ఏం చెప్పను? చెప్పేశాను. నోటి నిండా మాట, నోటి నిండా ముక్క. అతనికి చెబితే మైకు పట్టుకుని చెప్పినట్టే. సాయంత్రానికి బంధువులందరికీ తెలిసిపోతుంది.

3.50. మేనేజరు వద్దంటే?

ఇప్పటిదాకా ఈ ఆలోచన రాలేదు. వచ్చాక కూడా ఇంకో పుల్ల తిన్నాను.

4.10. ఊపిరి ఆడటం లేదు. మూడో అంతస్తు మగవాళ్ళ మరుగుదొడ్డిలో కూర్చుని రాస్తున్నాను. దేవుడి దయ, ఏ ప్యాంటుకైనా వెనక కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదలడం నా అలవాటు. "మనిషి మాట మీద నమ్మకం పెట్టకు, మడతలో గుడ్డ పెట్టు" అనేవాణ్ణి. జేబులో కత్తెర తీశాను. వెనక కుట్టు నాలుగంగుళాలు విప్పాను. అమ్మయ్య! ప్రాణం లేచివచ్చింది.

4.14. కత్తెర తెచ్చుకున్నాను. సూది తెచ్చుకోలేదు. నలభై ఏళ్ళ దర్జీని!

4.45. ఎనిమిదో కౌంటరు, నేపాల్. సంచి వీపు వెనక పట్టుకుని, గోడకి ఆనుకుని, నిలబడే తిన్నాను. మార్కులు వేయడానికి చెయ్యి ఖాళీ లేదు.

5.20. తొమ్మిదోది, తైవాను ఐసు తురుము. తీపి కదా, లెక్కలోకి రాదు. కరిగిపోయేదానికి కడుపులో చోటెందుకు?

5.40. బెంచీ మీద కూలబడ్డాను. నడుము కొలవను.

పిల్ల అడిగింది ఒక్కటే. ఆకలితో రా, నిజం చెప్పు అంది. బుద్ధి లేని ముసలాణ్ణి. చిన్నప్పుడు మా ఇంట్లో ఒంటిపూట తిండి. గిన్నె అడుగున మాడింది నా వాటా. బాగుందా అని అమ్మ అడిగేది. అద్భుతం అనేవాణ్ణి, లేకపోతే తన వాటా తీసి నా కంచంలో వేసేస్తుందని. ఆ మాట నోటికి అలా అంటుకుపోయింది, ఇన్నేళ్ళకీ ఊడలేదు. ఇప్పుడు వెళ్ళి పిల్ల వంటకి కూడా అద్భుతం అంటాను కాబోలు. ఏడింటికి మేనేజరు ఇంకో మాట అంటాడు.

రాత్రి 8.15. ఇల్లు.

వరసగా రాస్తాను, ఒక్కటి కూడా వదలను.

ఆరింటికి వెళ్ళేసరికి మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ అక్కడే కూర్చుని ఉంది. అమ్మాయి నన్ను చూడగానే, "నాన్నా, సంచి వెనకాల పట్టుకున్నావేంటి?" అంది.

"ఊరికే."

"తిని వచ్చావా?"

"ఒక్కొక్క చెంచా..."

"మీసానికి వేరుశనగ ఉంది."

మా ఆవిడ సంచి లాక్కుని డబ్బాలు విప్పింది. మూడు ఖాళీ. నాలుగోదాంట్లో పచ్చ ముద్ద. "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురానికి ఇదా నాకు మిగిల్చింది?" అంది. సంచి పోయేసరికి నా వెనక భాగం బయటపడింది. అమ్మాయి లోపలికెళ్ళి తన ఏప్రాన్ ఒకటి తెచ్చి వెనక్కి తిప్పి నాకు కట్టింది. నేను కుట్టిచ్చిన ఏప్రానే.

తరవాత గిన్నె పెట్టింది. పులుసు, అందులో దారాల్లాంటి నూడుల్స్, పైన మెరుస్తూ వెల్లుల్లి నూనె. నా జన్మలో మొదటిసారి తిండిని చూసి భయం వేసింది. నోరు తెరవబుద్ధి కాలేదు. రోజంతా తప్పిన నియమం చివరికి ఇక్కడ నిలబడింది. ఒక్క చెంచా. అంతకంటే పట్టదు.

అద్భుతం అనబోయాను. నాలుక ఓ చేదు దగ్గర ఆగిపోయింది. ఆ చేదు నాకు చిన్ననాటి నేస్తం.

"అమ్మా," అన్నాను, "మాడింది."

గరిటె ఆగిపోయింది. మా ఆవిడ చేతిలో రుమాలు కూడా.

"పులుసు కాదు తల్లీ. పులుసు మంచిదే. పైన వేసిన నూనె. వెల్లుల్లి కాస్త నల్లబడనిచ్చావు."

అమ్మాయి నూనె గిన్నె ఎత్తి వాసన చూసింది. తెలియలేదు. అడుగున గరిటె పెట్టి తిప్పితే నల్ల ముక్కలు పైకి తేలాయి. టైము ఆరూ ఇరవై. వెల్లుల్లి వలవడం, తరగడం, సన్నటి సెగ మీద పెట్టి కదలకుండా నిలబడటం. నేనూ వలిచాను.

ఆరూ యాభైకి ఇంకో గిన్నె. ఇంకో చెంచా.

"ఇప్పుడు?"

"మాడలేదు."

"అద్భుతమా?"

"ఏమో అమ్మా. చోటు లేదు."

పిల్ల పకపకా నవ్వింది. కళ్ళు మాత్రం తడి. "ఇది చాలు నాన్నా," అంది.

"ఆకలి రుచెరగదని ఊరికే అన్నారా?" అంది మా ఆవిడ. "ఈ మనిషికి ఇన్నాళ్ళూ ఆకలే. ఇవాళే తీరింది."

ఏడింటికి మేనేజరు వచ్చాడు. నన్ను చూసి, "ఈయనెవరు? వంటవాడా?" అన్నాడు.

"మా నాన్న. ఇక్కడి నుంచి ఏది బయటికి వెళ్ళాలన్నా ముందు ఆయన నాలుక దాటాలి," అంది అమ్మాయి.

నేను గోడకి వీపు ఆనించి గంభీరంగా తల ఊపాను. కదిలితే ప్రమాదం. ఆయన నూడుల్స్ తిన్నాడు. గిన్నె ఎత్తి పులుసు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. బాగుందని గాని, బాగోలేదని గాని అనలేదు. "రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు.

ముప్పాతిక కాదు. మొత్తం వచ్చేసింది!

12వ తేదీ, ఆదివారం. ఉదయం 6.30

నడుము 40. ఇది నిజమైన కొలత.

మా ఆవిడ పచ్చ ముద్ద గోరంత తిని, రెండు నిమిషాలు నన్ను తిట్టి, ఇప్పుడు కాఫీ వాసన తెలుస్తోందంటోంది. ఇవాళ నుంచి రుచి చూడటానికి ఇద్దరం. నేను మాత్రం ఇంట్లో కడుపునిండా తిని రావాలని అమ్మాయి షరతు.

నిన్నటిది లెక్కలోకి రాదు. కొత్త నిర్ణయం, ఎర్ర పెన్సిలుతో: వచ్చే శనివారం మళ్ళీ తొమ్మిది కౌంటర్లూ. ఒక్కొక్క చెంచా. చెంచా అంటే చెంచాయే. ఈసారి సూది కూడా.

ఇవాళే చెప్పవలసినవాళ్ళు:

పెద్దక్కయ్య. చెవుడు. రెండుసార్లు, గట్టిగా.

బావమరిది. నిన్న చెప్పింది ఇప్పుడు నిజమైందని.

చిన్నాన్నగారి పెద్దకొడుకు. "పొయ్యి దగ్గర పనికి ఇంత చదువెందుకు" అన్నాడు. తీరిగ్గా, వివరంగా.

వియ్యపురాలు. ఈ ఫోను మా ఆవిడది, నన్ను ముట్టుకోవద్దంది.

తోడల్లుడు. అతను ఏం చెప్పినా ముందు తన సంగతి చెబుతాడు. వినాలి, తరవాత చెప్పాలి.

మేనకోడలు, ఆమె అత్తగారు, ఆ అత్తగారి చెల్లెలు.

ఎదురింటి ప్లంబరు. బంధువు కాడు. అయినా మొదట విన్నది ఆయనే.

అమ్మ. ఫోటో ముందు నిలబడి. మాడితే మాడిందని నోరు తెరిచి చెప్పానని, చెబితే ఎవరూ ఆకలితో పడుకోలేదని.