మూడు నెలల బియ్యం

జూన్ 6, 2025

ఇది రాయకూడదనే అనుకున్నాను. బియ్యం తెచ్చుకున్న ముచ్చట కూడా డైరీలో రాస్తారా. కానీ రేషన్ డీలర్ మూడు నెలలది ఒక్కసారే ఇచ్చాడు. వానాకాలం కదా, అందుకట. బుగ్గారంలో మాకున్నది ఒకటే గది. ఇప్పుడు సగం గది బస్తాలే. కొడుకు జాన్ మస్కట్‌లో పని పోయి కూర్చున్నాడు. కోడలు రాధిక బీడీలు చేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఆగస్టు దాటేదాకా ఈ బియ్యమే దిక్కు.

జూన్ 7

బియ్యానికి పురుగు పట్టకుండా రాధిక బోరిక్ పౌడర్ తెచ్చింది. మామా, వాడకట్టంత గిదే కలుపుతున్నరు అంది. అది క్యారంబోర్డు మీద చల్లేది, అన్నంల కాదు అన్నాను. కోరుట్ల గోదాములో ముప్పై ఏళ్లు హమాలీని. చదువూ అక్కడిదే, బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది. అక్కడ ఒక సేటు ఉండేవాడు. బస్తాకు చెవి ఆనించి లోపల పురుగుందో లేదో చెప్పేవాడు. పెళ్లాం పిలిస్తే మాత్రం వినపడేది కాదు. సరే, అది వేరే కథ. వేపాకు వేస్తానన్నాను.

జూన్ 9

రోడ్డు పక్క చెట్టు. ఆకంతా దుమ్ము. కడిగి నీడన ఆరేశాను.

జూన్ 11

ముసురు. ఆకు ఆరినట్టే ఉంది. ఇంకో రెండొద్దులు ఆగరాదు మామా, మంచిగ ఆరనియ్యి అంది రాధిక. గోదాం జూసింది నువ్వా నేనా అన్నాను. ఈ నెలకు సరిపడా బయట ఉంచి, మిగతాది నీలం డ్రమ్ములో పోశాను. పొరపొరకూ ఆకు. మూత చుట్టూ టేపు. జూలై దాకా ఎవరూ ముట్టొద్దన్నాను.

జూన్ 24

పక్కింటి ఎల్లవ్వ డ్రమ్మును చూసి, ఏందే రాధికా, మీ మామ లాకర్ పెట్టిండా అంది. నేనూ నవ్వాను.

జూలై 3, పొద్దున 6

టేపు తీశాను. వాసన. మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఏమిటో హమాలీకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే రోజు, 11

ఆకు చుట్టూ గడ్డలు కట్టింది. నల్ల బూజు, పచ్చ బూజు. చాప మీద పోసి ఏరాం. సగానికి పైగా పోయింది. బర్రెకన్న పెడత తియ్యి అని ఎల్లవ్వ గంపెడు తీసుకుపోయింది. బర్రె వాసన చూసి మొహం తిప్పుకుందట. రాధిక మిగిలినది చేటలో పోసుకుని చెరగడానికి కూర్చుంది. సేటు అయితే తిట్టేవాడు. తిట్టించుకున్నవాడికి రాత్రి నిద్రయినా పట్టేది.

జూలై 4

జాన్ ఫోన్ చేశాడు. బాపూ, బియ్యం అచ్చినయా అన్నాడు. అచ్చినయి అన్నాను.

జూలై 5

ఏరి పెట్టిన బియ్యం తొమ్మిది నీళ్లు పోసి కడిగి రాధిక వండింది. పిల్లల కంచాలు బోర్లించే ఉన్నాయి. ముందు నాకు పెట్టింది. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. చేదు. తిన్నాను. మారు అడిగాను.