కుక్కని తిప్పాలట

అన్నయ్యా, నేను బాగానే ఉన్నానని అమ్మకి చెప్పు.

కళ్లంలో కాపలాకని నువ్వు తాడేపల్లి నుంచి తెచ్చిచ్చిన అల్సేషన్ కుక్కని వీళ్లు సావిట్లో ఎద్దుల పక్కన కట్టేశారు. అది వారం తిరక్కుండా గుంజ పీక్కుని, ఎండబోసిన మిరపకాయలన్నీ చిందరవందర చేసి, తుమ్ముకుంటూ ఊరంతా పరిగెత్తింది. మామయ్యగారు పశువుల డాక్టర్ని పిలిపించారు.

"ఇది పరిగెత్తే జాతండీ. రోజంతా కట్టేస్తే పిచ్చెత్తిపోద్ది. రెండుపూటలా బయట తిప్పాల" అన్నాడాయన.

"అయ్యో, నోరులేని జీవి! మనకి తట్టనేలేదు" అని మామయ్యగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడు మీ బావ రోజూ దాన్ని కాలవకట్ట దాకా తిప్పుకొస్తున్నారు. నన్ను ప్రత్తిపాడులో సినిమాకి తీసుకెళ్లమంటే మాత్రం ఆయనకి నడుం నొప్పి. ఉగాదికి నన్ను పంపమని నువ్వు రాస్తే, "కోతలప్పుడు ఇంట్లో వండేదెవరు?" అన్నది కూడా ఈ మామయ్యగారే. పెళ్లై వచ్చాక నేను ఈ ఊరు దాటింది ఆసుపత్రికే. నాకు నోరుంది కదా, అందుకే ఎవరికీ జాలి లేదు.

అమ్మ కళ్లజోడు మార్పించావా? నా కుట్టుమిషను ఎవరికీ ఇవ్వకండి, దాంతో నాకు పనుంది. వదినకి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

ఈ కార్డు మామయ్యగారు చదివాకే పోస్టు డబ్బాలో పడుతుంది. చదువుకోనీ. ఆదివారం నువ్వొచ్చి తీసుకెళ్లు. కుక్కని కాదు. దానికిక్కడ బాగానే ఉంది.

నీ చెల్లెలు
వెంకటరావమ్మ