తొమ్మిదో చెయ్యి

పెనీషె,
1975 మార్చి 4

ప్రియమైన ఎర్మెలిందా అక్కా,

నువ్వు లిస్బన్ నుంచి పంపిన విప్లవం కరపత్రాలన్నీ చదివేశాను, కొన్ని రెండేసి సార్లు. వాటి పుణ్యమా అని ఒక ఘోరం చేశాను. ఇకమీదట పెత్తందార్ల మాట చెల్లదు, ఏదైనా ఆటగాళ్ళమే చేతులెత్తి తేల్చుకోవాలని అరిచి పోట్లాడి మా ఫుట్‌బాల్ క్లబ్బులో రూలు పెట్టించింది నేనే. మొదటి సభలోనే వచ్చిన ప్రశ్న: మోకాలు పాడైన ముసలివాణ్ణి జట్టులో ఉంచాలా, తీసెయ్యాలా? ముసలివాడంటే ఎవరనుకున్నావు? జ్ఞానస్నానం నాడు నన్నెత్తుకున్న మన బెల్మీరు పెదనాన్నే. పదిహేడేళ్ళుగా మా గోలు ముందు గోడలా నిలబడ్డ డిఫెండరు. నాకీ ఆట నేర్పినవాడు.

"తీసెయ్యాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు గోలీ జెఫెరీను. నా పక్కన ఆడే డిఫెండరు అబీలియు ఎత్తాడు. నా చెయ్యీ లేచింది! నీకు తెలుసుగా అక్కా, ఎదుటి జట్టువాడు మా వరస దాటి ఆఫ్‌సైడ్‌లో ఉంటే మేం డిఫెండర్లం రిఫరీ వైపు చెయ్యెత్తుతాం. ఒకడెత్తితే వరసంతా ఎత్తాల్సిందే. అందులో ఆలోచించేదేమీ ఉండదు. అలా లేచిందా? లేక ఆయన పోతే ఆ నడిమి చోటు నాదేనన్న ఆశ ఎత్తిందా? తొమ్మిది చేతులు లేచాయి, ఎనిమిది మంది ఎత్తలేదు. నాది దించితే లెక్క తిరగబడేది. దించలేదు. నేను ద్రోహినా, అలవాటుకు బానిసనా? నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
అదెలీను


మార్చి 9

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. పెదనాన్న ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"నా చెయ్యి అనుకోకుండా లేచింది, పెదనాన్నా. క్షమించు."

ఆయన పడీపడీ నవ్వాడు. "ఒరే గాడిదా, నేనూ ఎత్తాన్రా!"

"నీ మీద నువ్వేనా?"

"అబీలియు ఎత్తె, నువ్వెత్తితివి, వెనక బెంచీలో నేను ఊరుకుంటానా? పదిహేడేళ్ళ జబ్బు. మీ పెద్దమ్మకి చెప్పకు, చీపురు తిరగేస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. అంటే ఆ ఓటు ఉత్తదేగా! పట్టుబట్టి మళ్ళీ సభ పెట్టించాను. బల్ల గుద్ది జరిగిందంతా చెప్పాను. అందరూ నవ్వారు, తర్వాత సిగ్గుపడ్డారు. జెఫెరీను మళ్ళీ అడిగాడు. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. గెలిచామని గంతేయబోయాను.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది, నెమ్మదిగా.

"పెదనాన్నా, దించు! ఇక్కడ ఆఫ్‌సైడ్ లేదు!" అని అరిచాను.

"తెలుసురా" అన్నాడు. "మొన్నటిది అలవాటు. ఇది నేనెత్తింది."

పదహారు మంది మాట చెల్లాలా, ఆ ఒక్కడి మాటా? నేను పెట్టించిన రూలు ప్రకారం ఆయన ఉండాలి. ఆ మోకాలు చూశాక, ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదక్కా, అన్నీ వెతికాను.

వచ్చే ఆదివారం ఆట ఉంది. తన అయిదో నంబరు చొక్కా నాకు తొడిగి వెళ్ళిపోయాడు. దాని చేతులు నాకు పొడుగు.

అదెలీను